గురజాలలో లేవని కంప్యూటరు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, మీ సర్వీసు మొత్తంలో బాగా కష్టమైన కంప్లయింటు ఏది సార్ అని అడుగుతుంటారు. ఏ బ్యాంకులోనో ఏ ఫ్యాక్టరీలోనో నేను చేసిన ఘనకార్యం ఒకటి చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం గురజాల సంగతి చెబుతాను. ముప్పై ఏళ్లు పైబడి చేసిన ఉద్యోగంలో నాకు బాగా సిగ్గేసిందీ, బాగా సంతోషమేసిందీ ఆ ఊళ్లోనే, అదీ ఒకే రోజున.

అవి ఎనభైల చివరి రోజులు. గుంటూరులో కంప్యూటర్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో సర్వీసు ఇంజనీరుగా చేరి ఏడాది కూడా తిరగలేదు. ఇంజనీరు అన్నది కార్డు మీద మాట. ఉన్నదల్లా పాలిటెక్నిక్ డిప్లొమా, మద్రాసులో మూడు వారాల ట్రైనింగు, స్క్రూడ్రైవర్ల సంచి, కరెంటు కొలిచే మీటరు. వీటన్నిటికీ మించి, నాకు తెలియనిది లేదన్న ధీమా ఒకటి ఉండేది.

అప్పటి ఇంటి కంప్యూటరు అంటే మీరు అనుకునేది కాదు. టైపు మీటలున్న ఒక పెట్టె, అంతే. దాన్ని టీవీకి తగిలిస్తే ఆ టీవీయే తెర. రాసిన ప్రోగ్రామును దాచుకోవాలంటే పాటలు వినే టేపురికార్డరులో క్యాసెట్ పెట్టి అందులోకి ఎక్కించుకోవాలి. ఎక్కించకముందే కరెంటు పోయిందా, టైపు చేసిందంతా గంగలో కలిసినట్టే.

అలాంటి పెట్టె ఒకటి గురజాలలో ఒక లెక్కల టీచరుగారు కొన్నారు. నలభై అయిదేళ్ల మనిషి. భర్తకు నూజెండ్లలో ఉద్యోగం, ఆదివారాలే ఇంటికి వచ్చేవారు. ఆమె పాఠం చెప్పే ఆడపిల్లల బడికి అప్పటికి కరెంటు లేదు. అందుకని బడి ఎదురుగా తాను అద్దెకుంటున్న ఇంటి ముందుగదిలోనే కంప్యూటరు పెట్టించారు. తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది బడి వదిలాక అక్కడికొచ్చి నేర్చుకోవాలని ఏర్పాటు.

డిసెంబరులో నేనే తీసుకెళ్లి బిగించాను. స్విచ్చు వేయగానే లేచింది. పిల్లలు తలుపు దగ్గర గుంపుగా నిలబడి చూశారు. నేను కాస్త ఛాతీ విరుచుకుని జాగ్రత్తలు చెప్పాను. పల్నాడు దుమ్ము సంగతి నాకు బస్సులోనే తెలిసింది, పిడుగురాళ్ల దాటేసరికి తలకు సున్నం కొట్టినట్టయింది. అందుకని దుమ్ము గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాను. కంప్యూటరుకు దుమ్మే శత్రువనీ, పెరట్లోంచి ఒక్క రేణువు కూడా లోపలికి రాకూడదనీ అన్నాను. ఆమె అదంతా నోటుపుస్తకంలో రాసుకున్నారు.

నెల తిరిగిందో లేదో ఉత్తరం వచ్చింది. మీ కంప్యూటరు లేవడం లేదు, పిల్లలు ఎదురు చూస్తున్నారు, వెంటనే రావాలి. మూడే ముక్కలు.

వెళ్లాను. స్విచ్చు వేస్తే, కరెంటు హెచ్చుతగ్గులు సర్దే స్టెబిలైజరు టకటకమని కొట్టుకుంటోంది. టీవీలో నాలుగు గీతలు వణికి ఆరిపోతున్నాయి. నాకు ట్రైనింగులో నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు ఇంట్లో స్విచ్చులన్నీ ఆపించి, అప్పుడు ప్లగ్గులో మీటరు పెట్టాలి. అలాగే పెట్టాను. రెండువందల పదిహేను వోల్టులు చూపించింది. కరెంటు దివ్యంగా ఉంది, లోపం పెట్టెలోనే ఉందని తీర్మానించి దాన్ని ఒళ్లో పెట్టుకుని గుంటూరు తెచ్చాను. తెచ్చి స్విచ్చు వేస్తే మొదటిసారికే లేచింది. రెండు రోజులు ఏకధాటిగా నడిపాను. దానికి ఏ జబ్బూ లేదు.

మూడోసారి మళ్లీ ఒళ్లో పెట్టుకుని గురజాల వెళ్లాను. అక్కడ పెడితే మళ్లీ మామూలే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ పెట్టె రచ్చలో గెలిచి ఇంట్లో ఓడిపోతోంది. పక్కింట్లో పెట్టి చూద్దామంటే ఆ వీధిలో బల్బు హోల్డర్లు తప్ప ప్లగ్గున్న ఇల్లే లేదు. అయినా నిజం చెప్పాలి, నాకు ఆ ఆలోచన గట్టిగా రానే లేదు. లోపమంటే పెట్టెలో ఉండాలి, లేకపోతే పెట్టెకు తగిలించినవాటిలో ఉండాలి. నా చదువు అంతవరకే.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చివరికి స్టెబిలైజరు మీద పడ్డాను. అది బజారులో మోటార్లకు వైండింగు చుట్టే ఒక సాయిబు తన చేత్తో చేసింది. రేకు పెట్టె, ఆకుపచ్చ రంగు. ఇలాంటి నాటు సరుకు మీద కంప్యూటరు ఎట్లా నడుస్తుందండీ, కంపెనీది కొనుక్కోండి అని టీచరుగారితో అన్నాను. ఊళ్లో ఉన్న టీవీలన్నీ ఆయన చేసినవాటి మీదే నడుస్తున్నాయని ఆమె అన్నారు. స్టెబిలైజరు తీసేసి పెట్టినా కంప్యూటరు లేవలేదన్న సంగతి ఆమె చూస్తూనే ఉన్నారు, కానీ పైకి అనలేదు. పెద్దమనిషి.

ఆ రోజు గదిలో నేను చూసిందొకటి మీకు చెప్పాలి. నేను ఒక మూల పెట్టె విప్పుకుని కూర్చుంటే రెండో మూల పిల్లలు తమ పని తాము చేసుకుంటున్నారు. అట్టముక్క మీద మీటలన్నీ గీసుకున్నారు. ఒకమ్మాయి నోటుపుస్తకంలో రాసిన ప్రోగ్రాము వరసగా చదువుతుంటే, ఇంకొకమ్మాయి అట్ట మీద వేళ్లు ఆడిస్తోంది. మూడో అమ్మాయి కంప్యూటరు. పలక పట్టుకుని ఏ వరస దగ్గర ఏ అంకె వస్తుందో రాసి, చెరిపి, మళ్లీ రాస్తోంది. తప్పొస్తే కంప్యూటరమ్మాయి పలక ఎత్తి చూపిస్తుంది, మిగతావాళ్లు ఎక్కడ పోయిందో వెతుకుతారు. నెలన్నరగా వాళ్ల కంప్యూటరు అదే.

వాళ్లు రాసింది పొలం కొలిచే ప్రోగ్రాము. పల్నాడులో చదరంగా ఉన్న చేను ఎక్కడుంది కనుక. నాలుగు గట్ల పొడవూ, మూల నుంచి మూలకు ఒక కొలతా గజాల్లో చెబితే ఎన్ని ఎకరాలు ఎన్ని సెంట్లో చెప్పాలి. ఫిబ్రవరి చివర నరసరావుపేటలో సైన్సు ప్రదర్శన ఉంది. దానికి ఈ ప్రోగ్రామును పంపాలని టీచరుగారి పట్టుదల. ముందుగా ఇద్దరు లెక్చరర్లు ఊరూరూ తిరిగి చూసి ఎంపిక చేస్తారు. గురజాలకు శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వస్తున్నారు. నడిచే మిషను చూపిస్తేనే పేరు రాసుకుంటారు. నడవకపోతే కొట్టేస్తారు. పని చెయ్యని పెట్టె చూపించి బడి పరువు తీయొద్దని హెడ్మిస్ట్రెస్ ముందే హెచ్చరించారు. ఇప్పటికే ఒకరిద్దరు తల్లులు, నడవని మిషను ముందు రోజూ ఏం చదువు అని పిల్లల్ని మాన్పించే మాటలు మాట్లాడుతున్నారు. శుక్రవారం పోతే ఆ క్లాసే పోతుంది.

గుంటూరు వచ్చి మేనేజరుకు చెప్పుకున్నాను. ఆయన నా ముఖం కూడా చూడకుండా, పెట్టె వాపసు తెచ్చెయ్యి, రెండు నెలల్లో వేరేది పంపుతామని సంతకం తీసుకో అన్నారు. వాపసు కాగితం జేబులో పెట్టుకుని శుక్రవారం పొద్దున్నే నాలుగోసారి బస్సెక్కాను. నాకు ఇష్టం లేదు. కానీ ఇంకేం చెయ్యాలో కూడా తెలియలేదు.

పదకొండింటికి చేరాను. టీచరుగారు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. కాగితం ఇచ్చాను. నిలబడే చదివి, మడిచి నా చేతికే ఇచ్చారు.

"మూడింటిదాకా ఇది నా ఇంట్లోనే ఉంటది అబ్బాయ్. అప్పటిదాకా నువ్వు చేసే పనేదో చెయ్యి."

నేను పెట్టె విప్పాను. విప్పడం తప్ప ఇంక చేసేదేమీ లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు వాకిట్లో సైకిలు ఆగింది. వైండింగు సాయిబు. యాభై దాటిన మనిషి, చేతులకు వార్నిష్ మరకలు. పోయినసారి నేను అన్న మాట ఎవరో చేరవేశారు. పైగా టీచరుగారే కబురు పెట్టారట. ఆయన నావైపు చూడకుండా చెప్పులు విప్పి లోపలికి వచ్చి, తన స్టెబిలైజరును ఒకసారి చేత్తో తడిమాడు. సంచిలోంచి హోల్డరుకు తగిలించిన వందక్యాండిల్ బల్బు ఒకటి తీశాడు. అంతే, ఆయన పనిముట్టు అదొక్కటే.

మీటరు పెట్టి చూశానండీ, రెండువందల పదిహేను ఉంది అన్నాను.

"మీటరు ఏం తాగిద్ది సార్," అన్నాడు. "బోసి ప్లగ్గులో పెడితే అది అట్టనే చూపిచ్చుద్ది. లోడు ఏసి చూడాల."

బల్బు ప్లగ్గులో పెట్టాడు. వంద క్యాండిళ్ల బల్బు నిప్పుకణంలా ఎర్రగా మినుకుమినుకుమంది. ఇప్పుడు మీటరు పెట్టమన్నాడు. పెట్టాను. తొంభై. స్విచ్చులన్నీ ఆపించి మరీ కొలిచే నా క్రమశిక్షణే నన్ను ముంచింది. ఏ బరువూ లేనప్పుడు బాగున్న కరెంటు, బరువు పడగానే కూలబడుతోంది. రెండు నెలల్లో నాలుగుసార్లు వచ్చి నేను ఒక్క బల్బు వెలిగించి కొలవలేదు. ఇంట్లో దీపాలు మసకగా ఉన్న మాట నిజమే, కానీ ఆ రోజుల్లో పల్నాడులో మసక దీపాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కవేసేవారు కాదు.

సాయిబు మీటరు బోర్డు నుంచి తీగ పట్టుకుని నడుచుకుంటూ పెరట్లోకి పోయాడు. మేం వెనకాలే వెళ్లాం. తీగ గోడ దిగి నేలదాకా వచ్చి నాపరాయి కిందికి దూరింది. ఆయన ఆ రాయి మీద నిలబడి టీచరుగారిని అడిగాడు.

"అక్కా, ఈ బండలు ఎప్పుడు పరిపించారు?"

"సంక్రాంతి ముందు. దుమ్ము రాకూడదని."

"ఇక్కడ ముందు ఏముండేది?"

"స్నానాల నీళ్లు పారేయి. బురదగా ఉందని ఆ నీళ్లు ఈధి కాలవలోకి తిప్పిచ్చా."

సాయిబు తల ఊపాడు. విషయం ఇది. కరెంటు ఇంట్లోకి రావడానికి ఒక తీగ, తిరిగి పోవడానికి ఒక తీగ కావాలి. పోయే తీగను న్యూట్రల్ అంటారు. కిందటేడు గాలివానకు ఆ ఇంటి న్యూట్రల్ తెగితే, ఇంటి యజమాని ఎవరితోనో పెరట్లో ఒక ఇనుప కడ్డీ పాతించి తీగను దానికి చుట్టించాడు. కరెంటు భూమిలోంచే తిరిగి పోయేది. అది తప్పు పని, ప్రమాదం కూడా, మీరెవరూ చెయ్యకండి. కానీ అప్పట్లో పల్లెల్లో అట్లా నడిచిపోయేది. పల్నాడు నేల మూరెడు తవ్వితే రాయి. తడి ఉన్నంతకాలమే ఆ కడ్డీ పని చేస్తుంది. రోజూ స్నానాలు చేసిన నీళ్లు ఎవరికీ తెలియకుండానే ఆ కడ్డీని బతికించాయి. మాచర్ల బండలు పరిపించి, నీళ్లు మళ్లించాక నేల ఎండిపోయింది. కంప్యూటరు కూడా పడుకుంది.

టీచరుగారు నావైపు తిరిగారు. కోపం లేదు. "దుమ్ము రానియ్యొద్దని నువ్వే రాయించావు కదా అబ్బాయ్," అన్నారు అంతే. భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అక్కడ అదీ వీలు కాదు, అంతా బండలే.

అప్పటికి పన్నెండున్నర. న్యూట్రల్ తీగ సరిగ్గా లాగించాలంటే లైన్‌మన్ రావాలి, ఆయన ఎటో పొరుగూరు పోయాడని చెప్పారు. మూడింటిలోపు మా చేతిలో ఉన్నది ఆ కడ్డీ ఒక్కటే. సాయిబు మెయిన్ ఆపి, గడ్డపార తెప్పించి రెండు బండలు లేపాడు. తుప్పు పట్టిన తీగ గీకి బిగించాడు. కడ్డీ చుట్టూ గుంట చేసి రాళ్లుప్పు పోసి, నీళ్లు కావాలన్నాడు. ఇంట్లో ఉన్న నాలుగు బిందెలూ పోశాం. ఎండిన నేల చుక్క మిగల్చకుండా తాగేసింది. మెయిన్ వేసి బల్బు పెడితే ఎరుపు కాస్త పసుపయింది.

గురజాలలో నీళ్లంటే మాటలు కాదు. పంపు రోజు విడిచి రోజు. టీచరుగారు వాకిట్లోకి పోయి వీధి ఆడవాళ్లను పిలిచారు. పొడుగు మాటలేం చెప్పలేదు, మన పిల్లల మిషను లేవాలంటే నీళ్లు కావాలి అన్నారు. ఎదురింటావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని పక్కింటామెతో అంది.

"ఏమే, కంప్యూటరుకు నీళ్లంట. మా గేదెకే లేవు, దీనికి కావాలంట."

అంటూనే లోపలికి పోయి బిందె తెచ్చింది. ఆమె కూతురు ఆ పదకొండు మందిలో ఒకతి. ఆమె వెనక ఇంకొకామె, ఇంకొకామె. సాయిబు కడ్డీకి అయిదారు అడుగుల దూరంలో బొగ్గుతో గీత గీసి, ఎవరూ దాటకూడదని గట్టిగా చెప్పాడు. బిందెలన్నీ గీత దగ్గర పెట్టించి, తాను చెక్కపీట మీద నిలబడి రేకు గొట్టంతో నీళ్లు గుంటలోకి వదిలాడు. ఒకటిన్నరకు బల్బు తెల్లగా వెలిగింది. బల్బు తీయకుండా మీటరు పెట్టాను. నూట తొంభై అయిదు.

కంప్యూటరు స్విచ్చు నేను వెయ్యలేదు. వేసే మొహం లేదు. టీచరుగారే వేశారు. స్టెబిలైజరు ఒకసారి టక్కుమని ఊరుకుంది. టీవీ తెల్లబడింది, పైన ఎడమ మూలన చిన్న చదరం మెరుస్తూ నిలబడింది. టీచరుగారు కొంగుతో కళ్లు తుడుచుకుని, బడిలోంచి పిల్లల్ని పిలుచుకు రమ్మన్నారు.

వాళ్లు నెలన్నర అట్ట మీద ఆడించిన వేళ్లు మీటల మీద పడ్డాయి. ఒకరు చదవడం, ఒకరు కొట్టడం. అరవై వరసలు నలభై నిమిషాల్లో కొట్టేశారు. వరసలకు పది, ఇరవై, ముప్పై అని పదేసి చొప్పున నంబర్లుంటాయి. నడిపిస్తే మధ్యలో ఆగి, నూటనలభై నంబరు వరసలో తప్పుందని తెర మీద పడింది. నేను ముందుకు వంగాను. ఈలోగా పలక పట్టుకునే కంప్యూటరమ్మాయి పుస్తకం చూడకుండానే, ఆ వరస చివర బ్రాకెట్ మూయలేదు, కాగితం మీద ఉంది, కొట్టడంలో పోయింది అని చెప్పింది. మూశారు. నడిచింది. నేను సర్వీసు చెయ్యడానికి ఆ గదిలో ఇంకేమీ మిగలలేదు.

మూడయింది, లెక్చరర్ల జీపు రాలేదు. టేపురికార్డరు కూడా తగిలిస్తే కరెంటు మళ్లీ కూలుతుందేమోనని భయం, కాబట్టి క్యాసెట్‌లోకి ఎక్కించలేదు. గుంట ఎండితే అరవై వరసలూ పోతాయి. బయట ఎండలో సాయిబు పీట మీద నుంచి దిగలేదు. ఆడవాళ్లు వంటకు దాచుకున్న నీళ్లు కూడా తెచ్చి గీత దగ్గర పెట్టి పోతున్నారు. నేను మీటరు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి అంకె తగ్గినప్పుడల్లా పొయ్యండి అని చెప్పడం, అదే నా ఇంజనీరింగు.

నాలుగున్నరకు వచ్చారు. ఇద్దరిలో పెద్దాయనది దుర్గి వైపు ఊరు. కుర్చీలో కూర్చుని, ఇది ముందే తయారుచేసి పెట్టిన లెక్కేనా అని అడిగి, తన పొలం కొలతలు తానే చెప్పాడు. పిల్ల కొట్టింది. రెండెకరాల ముప్పై ఏడు సెంట్లు అని తెర మీద పడింది. ఆయన నమ్మలేదు. జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద వర్గమూలాలు కట్టడం మొదలెట్టాడు. పది నిమిషాలు పట్టింది. చివర్లో కాగితం వైపు, తెర వైపు, మళ్లీ కాగితం వైపు చూసి పెన్ను మూశాడు.

"సరిపోయిందమ్మా," అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం, తర్వాత నా ప్రమోషన్ కాగితం చదివినప్పుడు కూడా కలగలేదు.

ఆ తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. మర్నాడు లైన్‌మన్ వచ్చి కొత్త న్యూట్రల్ లాగాడు, కడ్డీ పీకేశారు. నరసరావుపేటలో ఆ పిల్లలకు మొదటి బహుమతి వచ్చింది. సాయిబుకు నేను క్షమాపణ చెప్పుకుంటే, ఆ వందక్యాండిల్ బల్బు నా సంచిలో పెట్టి పంపాడు. రిటైరయ్యేదాకా ఏ ఊరికి పోయినా అలాంటి బల్బు వెలిగించి చూసిన తర్వాతే పెట్టె మీద చెయ్యి వేశాను.

కానీ నా మనసులో నిలిచిపోయింది బహుమతి కాదు, ఆ సాయంత్రమే. పెద్దాయన ఫారం తీసి, రెండు పేర్లు చెప్పండి, గళ్లు రెండే ఉన్నాయి అన్నాడు. టీచరుగారు ఒప్పుకోలేదు. రాసింది పదకొండు మంది, ఇద్దరిని రాస్తే మిగతా తొమ్మిది మంది మొహం నేనెట్లా చూడాలి అని నిలబడిపోయారు. ఆయన కాసేపు గుంజాటన పడి, ఫారం తిరగేసి, వెనక తెల్లటి వైపు రాయడం మొదలెట్టాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఇంటిపేరుతో సహా చెబుతున్నారు. తెర మీద ప్రోగ్రాము ఇంకా వెలుగుతూనే ఉంది, ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. బయట నుంచి సాయిబు, బిందెలు అయిపోవచ్చినయి అక్కా, ఇంకా పొయ్యాలా అని అడిగాడు.

టీచరుగారు కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పారు.

"ఇంకొక్కటి పొయ్యి భాయ్, పదకొండో పేరు రాస్తన్నారు."